నీటిలో జాడ

పంచతంత్రంలోని మూడు చేపల కథ ప్రసిద్ధమైనది. అనాగతవిధాత, ప్రత్యుత్పన్నమతి, యద్భవిష్య అనే మూడు చేపలు ఒక మడుగులో నివసిస్తుంటాయి. ఒకనాడు ఆ దారిన పోతున్న జాలరులు ఆ మడుగును చూసి, ఇందులో చేపలు సమృద్ధిగా ఉన్నాయనీ, మరునాడు ఉదయం వచ్చి వల వేయాలనీ అనుకొంటారు. ఆ మాట విన్న చేపలలో మొదటిది ముందుచూపుతో వేరొకచోటికి వెళ్లిపోతుంది. రెండవది సమయస్ఫూర్తితో ప్రాణం దక్కించుకొంటుంది. మూడవది విధిని నమ్మి నశిస్తుంది. తరతరాలుగా ఈ కథను చదివినవారు చేపల బుద్ధిని గురించి ఆలోచించారు. జాలరుల బుద్ధిని గురించి ఆలోచించినవారు అరుదు. గట్టున నడుస్తూ, నీటిలో కాలైనా పెట్టకుండా, ఆ మడుగులో చేపలు ఉన్నాయని వారికి ఎట్లా తెలిసింది?

ఈ ప్రశ్నకు సమాధానం ఒక విద్య. అది గ్రంథస్థం కాని విద్య. తండ్రి నుండి కొడుకుకు, తాత నుండి మనుమడికి చూపు ద్వారా, చేతి ద్వారా అందుతూ వచ్చిన విద్య. చేపపిల్లకు ఈత నేర్పనక్కరలేదని సామెత. చేపను వెదకబోయే మనిషికి మాత్రం కూర్చోవడం మొదలుకొని ప్రతిదీ నేర్పవలసిందే.

కొత్తవానికి చెరువంతా ఒకే తీరుగా కనిపిస్తుంది. నీరున్న ప్రతిచోటా చేప ఉంటుందని భావించి, తోచినచోట వల విసిరి, వట్టి వలను పైకి లాగి నిరాశ చెందుతాడు. నిజానికి ఏ క్షణంలోనైనా చెరువులోని అధికభాగం దాదాపు ఖాళీగానే ఉంటుంది. చేపకు నాలుగు అవసరాలున్నాయి: పీల్చడానికి ప్రాణవాయువు, తినడానికి ఆహారం, శత్రువుల నుండి దాగడానికి చాటు, సంతానాన్ని పెంచడానికి అనువైన చోటు. ఈ నాలుగింటిలో ఏది ఏ వేళ ఎక్కడ లభిస్తుందో ఆ వేళకు చేప అక్కడికి చేరుతుంది. కాబట్టి చేపను వెదకడమంటే ముందుగా దాని అవసరాలను వెదకడమే.

కొల్లేటి పరిసరాలలోను, కృష్ణా గోదావరి డెల్టాలలోని చెరువులలోను ఈ విద్యకు తాటి దోనె పాఠశాల వంటిది. ముదురు తాటిచెట్టు మొదలు లావుగా, బలంగా ఉంటుంది. దాని వెలుపలి భాగం ఎంత గట్టిదో లోపలి భాగం అంత మెత్తనిది. ఆ మెత్తని భాగాన్ని తొలిచివేస్తే మనిషి కూర్చోవడానికి తగిన సన్నని దోనె ఏర్పడుతుంది. దానికి స్థిరత్వం తక్కువ. ఒక పక్కకు ఒరిగితే ఆ పక్కకే బోర్లపడుతుంది. అందువల్లనే కొందరు రెండు దోనెలను పక్కపక్కన చేర్చి కట్టుకొంటారు. అట్లా జత కట్టిన దోనెలకు తెలుగులో సంగడి అని పేరు. చెలిమి అనే అర్థంలోను ఆ మాటను వాడతారు. స్నేహితుడిని సంగడీడు అనడం మనకు తెలిసినదే. ఒంటరి దోనె ఒరుగుతుంది, జత దోనె నిలుస్తుంది అనే అనుభవం భాషలో ఎంత చక్కగా నిలిచిపోయిందో గమనించదగినది. నేడు అనేక చోట్ల ఫైబరు దోనెలు, థర్మోకోల్ తెప్పలు వాడుకలోకి వచ్చాయి. సాధనం మారినా నేర్వవలసిన సూత్రాలు మారలేదు.

దోనెలో మొదటి పాఠం నిశ్శబ్దం. చేప దేహానికి రెండు పక్కలా తల నుండి తోక వరకు పార్శ్వరేఖ అనే జ్ఞానేంద్రియం ఉంటుంది. నీటిలో కలిగే స్వల్పమైన కదలికను సైతం అది గ్రహిస్తుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో పయనిస్తే, నీటిలో సుమారు 1,480 మీటర్ల వేగంతో పయనిస్తుంది. దోనెలో కూర్చొని మాట్లాడుకొనే మాటలలో అధికభాగం నీటి ఉపరితలాన్ని తాకి వెనుకకు మళ్లుతుంది కనుక వాటివల్ల అంతగా ప్రమాదం లేదు. కాని తెడ్డు దోనె అంచుకు తగిలినా, గడకర్ర చేజారి దోనెలో పడినా ఆ చప్పుడు నేరుగా నీటిలోకి దిగి క్షణంలో చెరువులో వ్యాపిస్తుంది. అనుభవజ్ఞుడు తెడ్డును నీటిలో నుండి పైకెత్తకుండానే తిప్పుతాడు. నీటిచుక్కలు టపటపమని రాలడం కూడా అతనికి ఇష్టముండదు. మోటారు లేని చిన్న దోనెకు గల గొప్పతనం ఇదే. అది చేప ఇంటికి చెప్పకుండా వెళ్లగలదు.

రెండవ పాఠం నేలది. మన చెరువులలో చాలావరకు పూర్వం వాగుకు అడ్డంగా కట్ట పోసి నిర్మించినవే. పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల కాలపు జలాశయాలు మొదలుకొని ఊరి చివరి చిన్న కుంట వరకు ఈ పద్ధతి సాధారణం. అందుచేత నీరు కట్ట దగ్గర, తూము దగ్గర లోతుగాను, ఎగువకు పోయినకొద్దీ పలుచగాను ఉంటుంది. నీటి అడుగున పాత వాగు దారి మాత్రం సన్నని లోయవలె మిగిలి ఉంటుంది. వేసవిలో చెరువు చిక్కినప్పుడు చేపలు ఆ లోయను ఆశ్రయిస్తాయి. ఈ అడుగును పైనుండి చూడలేము. గడకర్రతో తాకి తెలుసుకోవలసిందే. గడ మెత్తగా దిగి, తీసేటప్పుడు పట్టుకొన్నట్లయితే బురద; గరగరమంటే ఇసుక; టక్కున ఆగితే రాయి; లాగినప్పుడు తీగ చుట్టుకొని వస్తే నాచు. నేర్చుకొనే కుర్రవానికి గడను చేతికిచ్చి చెరువంతా తిప్పడం పెద్దల పద్ధతి. కొన్నాళ్లకు కనిపించని అడుగు అతని మనస్సులో రేఖాచిత్రంగా రూపుదిద్దుకొంటుంది.

మూడవ పాఠం కాలానిది. పగలు నీటిమొక్కలు, కంటికి కానరాని వృక్షప్లవకాలు సూర్యరశ్మిలో కిరణజన్య సంయోగక్రియ జరిపి ప్రాణవాయువును విడుదల చేస్తాయి. రాత్రివేళ ఆ క్రియ ఆగిపోతుంది. మొక్కలు, చేపలు, కుళ్లుతున్న ఆకులలమలలోని సూక్ష్మజీవులు అన్నీ కలిసి నీటిలోని ప్రాణవాయువును వాడుకొంటూనే ఉంటాయి. కనుక తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు అతి తక్కువగా ఉంటుంది. దట్టంగా నాచు పెరిగిన చెరువులలో ఆ వేళ చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ కనిపించడానికి కారణం ఇదే. అవి ఆకలితో వచ్చాయని కొత్తవాడు పొరబడతాడు. ఊపిరాడక వచ్చాయని తెలిసినవాడు గ్రహిస్తాడు. ఎండాకాలం మధ్యాహ్నం స్థితి వేరు. నీరు వేడెక్కినకొద్దీ దానిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలిగితే, 30 డిగ్రీల వద్ద దాదాపు ఏడున్నర మిల్లీగ్రాములే కరుగుతుంది. అందువల్ల ఎండ ముదిరే వేళకు చేపలు గట్టు మీది చెట్ల నీడకో, తామరాకుల కిందికో, లోతుకో చేరుకొంటాయి.

గాలి కూడా చేపల నివాసాన్ని మారుస్తుంది. ఒకే దిక్కు నుండి కొన్ని గంటలపాటు గాలి వీస్తే ఉపరితలపు నీటితోపాటు అందులో తేలే ప్లవకాలు ఎదుటి గట్టుకు కొట్టుకుపోతాయి. వాటిని తినడానికి చిన్న చేపలు, ఆ చిన్న చేపలను తినడానికి పెద్ద చేపలు అక్కడికి చేరుతాయి. ప్రశాంతంగా ఉన్న గట్టు కొత్తవానిని ఆకర్షిస్తుంది. అలలు కొట్టుకొనే గట్టు వైపు పాతవాడు దోనెను మళ్లిస్తాడు. ఐతే తేలికపాటి దోనెకు ఆ అలలే ప్రమాదం కలిగిస్తాయి. చేప ఎక్కడున్నదో తెలిసినా అక్కడికి పోవచ్చునా, కూడదా అని నిర్ణయించుకోవడం కూడా విద్యలో భాగమే. ఈత రానివాడు, వాతావరణం గమనించనివాడు దోనె ఎక్కడానికి అర్హుడు కాడు.

చెరువును మూడంతస్తుల మేడతో పోల్చవచ్చు. బొచ్చె చేప నోరు పైకి తెరుచుకొని ఉంటుంది. అది పై నీటిలో ప్లవకాలను మేస్తుంది. శీలావతి అని పిలిచే రోహు నడిమి నీటిలో తిరుగుతుంది. ఎర్రమోసు అని పిలిచే మ్రిగాల నోరు కిందికి వంగి ఉంటుంది. అది అడుగున కుళ్లిన ఆకులలమలను వెదకి తింటుంది. ఒకే చెరువులో ఈ మూడింటిని కలిపి పెంచడానికి ఆధారం ఈ భేదమే. చేప నోటిని చూసి దాని నెలవును చెప్పవచ్చుననేది జాలరులకు అనుభవం చెప్పిన సూత్రం. కొర్రమీను తీరు వీటన్నింటికంటె భిన్నం. మొప్పలతోపాటు నేరుగా గాలిని పీల్చుకొనే శ్వాసావయవం కూడా దానికి ఉండడం వల్ల, ఇతర చేపలు బ్రతకలేని బురద నీటిలో, గట్టువార గడ్డి దుబ్బులలో అది హాయిగా జీవిస్తుంది. కాని మధ్యమధ్య గాలి కోసం అది పైకి రాక తప్పదు. ఆ ఒక్క గుటకే దాని ఉనికిని బయటపెడుతుంది.

ఇట్లాంటి ఆనవాళ్లు చెరువంతటా ఉంటాయి. నీటి అడుగు నుండి బుడగలు వస్తుంటాయి. ఒకేచోట ఆగి ఆగి పైకి వచ్చే బుడగలు సాధారణంగా బురదలో పుట్టిన వాయువువి. సన్నగా, వరుసగా, చోటు మారుతూ సాగే బుడగలు అడుగున బురదను కెలుకుతూ పోయే చేపవి. గాలి లేనప్పుడు తుంగ దుబ్బులో ఒక్క కాడ మాత్రం కదిలితే దాని మొదట ఏదో జీవి ఉన్నదని అర్థం. నీటికాకులు గుంపుగా మునుగుతూ లేస్తూ ఒక దిక్కుకు సాగుతుంటే వాటి ముందు చేపల గుంపు సాగుతున్నదన్నమాట. లకుముకిపిట్ట పదే పదే ఒకే కొమ్మ మీద వాలుతుంటే ఆ కొమ్మ కింద చిన్న చేపలు మెదలుతున్నాయని ఊహించవచ్చు. గంటల తరబడి కదలకుండా నిలిచిన కొంగ పలుచని నీటిలోని చేపల రాకపోకలకు సాక్షి. పక్షులు మనిషికంటె ముందే ఈ విద్యలో పండితులు. నేర్చుకొనేవాడు వాటికి శిష్యుడు కావడానికి సిగ్గుపడనక్కరలేదు.

కంటితో చూసినదానిని కూడా సరిదిద్దుకొనవలసి ఉంటుంది. కాంతి నీటి నుండి గాలిలోకి వచ్చేటప్పుడు వంగుతుంది. ఈ వక్రీభవనం వల్ల నీటిలోని వస్తువు ఉన్నదానికంటె పైన ఉన్నట్లు కనిపిస్తుంది. నిట్టనిలువుగా చూసినప్పుడు నాలుగడుగుల లోతున ఉన్న చేప సుమారు మూడడుగుల లోతున ఉన్నట్లు తోస్తుంది. ఏటవాలుగా చూస్తే ఈ భ్రాంతి మరింత హెచ్చుతుంది. ఈటెతో చేపను పొడిచేవాడు అందుకే చేపకు కిందుగా గురి పెడతాడు. చేపకు కూడా పైలోకం యథాతథంగా కనిపించదు. నీటి పైనున్న ప్రపంచమంతా దాని తలపై గుండ్రని కిటికీలోకి ఒదిగినట్లు కనిపిస్తుంది. దూరాన, నీటిమట్టానికి దగ్గరగా ఉన్న ఆకారాలు ఆ కిటికీ అంచున నలిగి అస్పష్టమవుతాయి. దోనెలో నిలబడినవానికంటె వంగి కూర్చొన్నవాడు చేపకు దగ్గరగా పోగలగడానికి ఇది ఒక కారణం. తన నీడ ముందుగా చేపపై పడకుండా సూర్యుని దిక్కును చూసుకొనడం మరొక జాగ్రత్త.

ఇవన్నీ తెలిసినవాడు చేపను కనుగొంటాడు. ఐతే ఈ విద్యకు చివరి పాఠం ఒకటున్నది. అది అన్నింటికంటె కఠినమైనది.

వానలు పడిన తరువాత కొర్రమీను జంట గట్టువార గడ్డి మధ్య కొంత చోటును శుభ్రం చేసుకొని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటిపై తేలుతాయి. పిల్లలు బయటపడిన తరువాత కొన్ని వారాలపాటు తల్లిదండ్రులు వాటిని వెన్నంటి కాపాడుతాయి. ఎర్రని రంగు గల వందలాది పిల్లలు ఒక్క ముద్దగా పైకి వచ్చి, మరల ఒక్కసారిగా కిందికి పోతుంటాయి. దూరానికి నీటిలో ఎవరో కుంకుమ కలిపినట్లు తోస్తుంది. ఆ ఎర్రని మచ్చ కింద పెద్ద కొర్రమీను తప్పక ఉంటుంది. మామూలు రోజులలో ఎంతో జాగరూకతతో మెలిగే ఆ చేప అప్పుడు ప్రాణభయంతో పారిపోదు. తన పిల్లలను సమీపించిన దేనినైనా ఎదుర్కొంటుంది. చెరువులో దీనికంటె తేలికగా దొరికే చేప మరొకటి లేదు. అంగడిలో కొర్రమీనుకు మంచి ధర పలుకుతుంది. కొత్తగా విద్య నేర్చుకొన్న కుర్రవాని మనస్సు ఇక్కడే పరీక్షకు గురి అవుతుంది.

తాతతో కలిసి దోనెలో పోతున్న ఒక మనుమడు ఆ ఎర్రని మచ్చను మొదటిసారిగా తానే గుర్తించాడనుకొందాం. వాని ఆనందానికి మేర ఉండదు.

"తాతా, అదిగో పిల్లలు! కింద తల్లి ఉంటది. వల వేసేద్దామా?"

తాత తెడ్డు ఆపుతాడు. మనుమడు చూపిన చోటును మెచ్చుకొంటాడు. కాని వల అందుకోడు.

"బాగా చూశావురా అబ్బాయ్. ఇప్పుడు తల్లిని తీస్తే పొద్దుగూకేలోగా పిల్లల్ని మిగతా చేపలు తినేస్తయ్. మళ్లీ ఏడు మనకేం మిగులుద్ది? దోనె తిప్పు."

దోనె తిరుగుతుంది. ఆ రోజు ఇంటికి చేరిన చేపల బరువు కొంత తగ్గి ఉండవచ్చు. ఆ పూట కూరకు, అమ్మకానికి కలిగే నష్టం చిన్నదేమీ కాదు. చేపల వేటపై బ్రతికే కుటుంబానికి ఒక కొర్రమీను విలువ ఎంతటిదో బయటివారు ఊహించలేరు. అది తెలిసి కూడా వదలడమే ఆ తాత నేర్పిన పాఠం. చేప ఎక్కడున్నదో తెలియనివానికి దానిని విడిచిపెట్టే అవకాశం కూడా ఉండదు. తెలిసినవానికే ఆ శక్తి, దానితోపాటు ఆ బాధ్యత కలుగుతాయి.

తూర్పు తీరంలో సముద్రపు చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవలపై వేటను ప్రభుత్వం నిషేధిస్తున్నది. చిన్న చెరువు మూలలో తెల్లవారుజామున ఒంటరిగా దోనెలో ఉన్నవానిని మాత్రం చూసేవారెవరూ ఉండరు. అక్కడ కాపలా అతని మనస్సే. దోమతెర వంటి సన్నని కన్నుల వలతో పిల్లచేపలను ఊడ్చివేసేవారు, మందు కలిపి నీటిని విషం చేసేవారు, విద్యుత్తు ప్రసరింపజేసి చంపేవారు నేడు అక్కడక్కడ కనిపిస్తున్నారు. వీరికి చేప జాడ తెలియనవసరం లేదు. చెరువునంతటినీ ఒక్కసారిగా చంపేవారికి చేప ఏ మూలనుంటే ఏమి?

పరిసరాలు కూడా మారుతున్నాయి. కొల్లేటిలో గత శతాబ్దపు చివరి దశాబ్దాలలో గట్లు పోసి విస్తారంగా చేపల చెరువులు తవ్వారు. ఆ సరస్సును 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాలో అది చేరింది. 2006లో ప్రభుత్వం అనేక చెరువుల గట్లను తొలగించింది. చేపల పెంపకం వేలాదిమందికి జీవనాధారమైన మాట నిజమే. ఐతే చదరంగా తవ్విన చెరువులో మేత వేసి పెంచిన చేపను వెదకనవసరం లేదు. ధ్వనితరంగాలతో చేప ఉనికిని తెరపై చూపే సోనార్ పరికరాలు కూడా వచ్చాయి. అవి చేప ఎంత లోతున ఉన్నదో చెప్పగలవు. పిల్లలతో ఉన్న తల్లిని ఏమి చేయాలో చెప్పలేవు.

తెలంగాణ ప్రభుత్వం 2016లో కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించింది. ఆ గౌరవం సార్థకం కావాలంటే గట్టువార గడ్డి దుబ్బులు మిగలాలి. వాటి మధ్య ఎర్రని మచ్చ కనిపించినప్పుడు దోనెను మళ్లించే చేతులు మిగలాలి.

పంచతంత్రంలోని జాలరులు మడుగును చూడగానే చేపలున్నాయని గుర్తించారు. అంతవరకు వారు విద్యావంతులే. మరునాడు వచ్చి మడుగునంతటినీ గాలించారు. ఆ తరువాతి సంవత్సరం ఆ మడుగులో ఏమి మిగిలిందో కథ చెప్పదు. రేపటిని ముందే చూసినందువల్ల మొదటి చేపకు అనాగతవిధాత అనే పేరు తగింది. చేపను చూసి, రేపటిని తలచి, దోనెను వెనుకకు తిప్పిన జాలరికి కూడా ఆ పేరు చక్కగా తగుతుంది.